ఒక్క పేలిక లేని లోడు

శనివారం పొద్దున ఏడున్నరకు జయరాజ్ వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. సారపాకలో ఇరవై రెండేళ్లుగా పాత కాగితాల వ్యాపారం చేస్తున్న మనిషి వేసిన పథకం అది. సరుకు ఎక్కడ ఎత్తాలి, ఎక్కడ దించాలి, ఎవరికి ఎంతవరకు చెప్పాలి అన్నీ అందులో ఉన్నాయి. ఎవరికీ చెప్పకూడనిది మాత్రం ఒక్కటే ఉంది. అది సరుకు కాదని.

ఇంటి ముందుగదిలో నేల నుంచి కిటికీ అంచు దాకా పుస్తకాలున్నాయి. మొత్తం ఆరు క్వింటాళ్ల నలభై కిలోలు. ఎన్ని పుస్తకాలని అడిగితే జయరాజ్ చెప్పలేడు, ఎంత తూకమంటే మాత్రం నిద్రలో లేపినా చెబుతాడు. పదకొండేళ్ల కింద ఒక రిటైర్డ్ టీచరు ఇంట్లో కొన్న మూటలోంచి ఒక నవల జారిపడింది. దుమ్ము దులుపుదామని తెరిచాడు. మూసేసరికి సాయంత్రమైంది. ఆ రోజు దుకాణానికి వచ్చిన ముగ్గురు తిరిగి వెళ్లిపోయారు. అంత నష్టం తెచ్చిన వస్తువును మిల్లుకు పంపడానికి చేతులు రాలేదు. అప్పటినుంచి కొన్న ప్రతి మూటలోనూ ముందు తనకు కావలసినవి ఏరుకుని, మిగిలినవే అమ్మడం అలవాటైంది.

పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంటే చాలు, దాని సంగతి ఆయనకు తెలిసిపోయేది. నవల మూడు వందల గ్రాములు. నిఘంటువు కిలోంబావు. కవిత్వం నూట యాభై దాటదు. తూకంలో నష్టం, చదివితే లాభం. పేజీ మడతను బట్టి ముప్ఫై ఏళ్ల కిందటి పాఠకుడు ఎక్కడ నిద్రపోయాడో చెప్పగలడు. లోపల దొరికే బస్సు టికెట్లు, ఎండిన పూరేకులు, రాసి పంపని ఉత్తరాలు తీసేసేవాడు కాదు. అవి కూడా తూకంలో వచ్చినవే. చివరి పేజీలు ఊడిపోయిన నవలలకు బండి మీద ఇంటికి వస్తూ తనే ముగింపు కట్టుకునేవాడు. అసలు ముగింపుల కంటే చాలాసార్లు అవే గిట్టుబాటుగా ఉండేవి.

అయితే సరుకు మీద ప్రేమ ఉందని తెలిస్తే అమ్మేవాడు బిగుస్తాడు, కొనేవాడు నవ్వుతాడు. అందుకని భార్య సంపూర్ణకు కూడా ఒకటే మాట చెప్పాడు. ఇది రేటు పెరిగేదాకా ఆపిన సరుకు అని. పదకొండేళ్లయింది. రేటు పెరగలేదు.

ఆ శనివారం సాయంత్రం ఐదింటికి వాళ్లింట్లో కృతజ్ఞతా ప్రార్థన కూడిక. కూతురు ఏంజెల్‌కు నర్సు ఉద్యోగం వచ్చింది. పాస్టరు గారు, చర్చి సంఘం వాళ్లు కలిసి నలభై మంది వస్తారు.

"ఏమయ్యా, అయ్యగారిని యాడ కూసోబెట్టాలె? నీ కట్టల మీదనా?" అంది సంపూర్ణ, చీపురుతో.

"ఇంక కొద్ది రోజులు ఆగితే రేటు..."

"పెరిగిందంట. మొన్న మిల్లు కాటా కాడ ఆంథోనిని అడిగిన. ఇయ్యాల్నే అమ్ముకో."

వ్యాపారికి ఇంతకంటే నోరు మూయించే మాట లేదు. రేటు పెరిగాక కూడా అమ్మనంటే కారణం చెప్పాలి. ఉన్న కారణం చెప్పుకునేది కాదు.

అందుకే పథకం. పుస్తకాలను కట్టలు కట్టి గోదాముకు పంపాలి. కూడిక అయ్యాక రోజుకు రెండు కట్టల చొప్పున మళ్లీ ఇల్లు చేర్చాలి. గోదాములో మిల్లుకు పోయే కట్టలతో ఇవి కలవకూడదు కదా? దానికీ ఉపాయం ఉంది. మిల్లుకు పోయే కాగితాన్ని ప్లాస్టిక్ తాడుతో కడతారు. లోడులో గుడ్డపేలిక ఒక్కటి కనబడినా, గుజ్జులో కలిసి అట్ట చెడిపోతుందని, మిల్లువాళ్లు బండిని గేటు నుంచే తిప్పి పంపుతారు. కాబట్టి పుస్తకాల కట్టలను గుడ్డపేలికలతో కడితే వాటి జోలికి ఎవరూ రారు.

"పాత చీర ఒకటి ఇయ్యి" అన్నాడు.

సంపూర్ణ చీర తెచ్చి తనే పేలికలు చించింది. చించుతూ, "గుడ్డ ఉంటే మిల్లోళ్లు తీసుకోరంటవ్ కదా?" అంది.

"గోదాంల తాడు మారుస్త."

ఆమె మొగుడి ముఖంలోకి ఒకసారి చూసి, తర్వాతి పేలిక చించింది.

ఎనిమిదింటికి ట్రాలీ ఆటో తోలే భీమయ్య వచ్చాడు. ములకలపల్లి అవతల అడవి అంచు ఊరు అతనిది. పనిమంతుడు. చెప్పిన పని చేస్తాడు, చెప్పకపోయినా చేస్తాడు. కట్టలన్నీ రెండు ట్రిప్పుల్లో గోదాము గోడకు చేర్చాడు. "ముట్టుకోకు" అని జయరాజ్ చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతాడు. చీర పేలికలు ఉన్నాయిగా, అవే చెబుతాయి అనుకున్నాడు.

అవి చెప్పాయి. కాకపోతే భీమయ్యకు వేరే సంగతి చెప్పాయి. కిందటి నెల ఒక చీర పేలిక వల్ల లోడు వాపసొచ్చినప్పుడు, జయరాజ్ అతన్ని మూడు రోజులు ఆపకుండా తిట్టాడు.

కుర్చీలు, లడ్డూలు పురమాయించి పదింటికి జయరాజ్ గోదాముకు వచ్చాడు. గోడ దగ్గర కట్టలు లేవు. అవి ఉన్నచోట చీర పేలికలు చక్కగా మడతపెట్టి, ఎగిరిపోకుండా పైన ఇటుక పెట్టి ఉన్నాయి.

ఫోన్ చేశాడు.

"అన్నా, నేనే జేద్దామనుకుంటున్న, నువ్వే జేసినవ్" అన్నాడు భీమయ్య హుషారుగా. "వదిన ఎరుక లేక గుడ్డతోని కట్టినట్టున్నది. అన్నీ ఇప్పి, మంచిగ తాడేసి కట్టిన. ఇయ్యాల లోడుల ఒక్క పేలిక లేదు. మిల్లు కాడ కాటా కూడ అయిపోయింది."

జయరాజ్ ఇటుక మీద కూర్చున్నాడు. మళ్లీ వెంటనే లేచాడు. కూర్చునే టైము లేదు.

ఆ మిల్లు ఊరికి పేరు తెచ్చిన పెద్ద మిల్లు కాదు. పాత కాగితం గుజ్జు చేసి మిఠాయి డబ్బాలకు అట్టలు చేసే చిన్న మిల్లు. దాని కాటా దగ్గర కూర్చునేది ఆంథోని. ఆదివారం కతోలిక గుడికి, మిగతా ఆరు రోజులు తూకానికి నమ్మకస్తుడు.

"లోడు వాపస్ ఇయ్యి ఆంథోని" అన్నాడు జయరాజ్ బండి దిగకుండానే.

"కాటా అయినంక సరుకు మిల్లుది జయరాజన్నా. వాపస్ పోవాలంటే కారణం రాయాలె. తడి ఉందా?"

"లేదు."

"మట్టి?"

"లేదు."

"గుడ్డ?"

జయరాజ్ భీమయ్య వైపు చూశాడు. భీమయ్య గర్వంగా తల అడ్డంగా ఊపాడు.

ఇరవై రెండేళ్లలో ఇంత శుభ్రమైన లోడు ఆయన పంపలేదు. ఒక్క పేలిక ఉండి ఉంటే దానంతటదే ఇంటికి వచ్చేది. షెడ్డులో గుజ్జు తొట్టి తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. బెల్టు మీద మొదటి కట్ట అప్పటికే ఎక్కింది. "నా పుస్తకాలు, చదువుకోవాలి" అంటే రేపటినుంచి ఈ గేటు ముందు తన మాటకు ఏ రేటు పలుకుతుందో లెక్క వేసుకోవడానికి కూడా వ్యవధి లేదు.

"అందుల బైబిల్ ఉంది" అన్నాడు.

ఆంథోని నుదుటి మీద, గుండె మీద, రెండు భుజాల మీద సిలువ గుర్తు వేసుకుని, అదే చేత్తో ఫోనెత్తాడు. బెల్టు ఆగింది.

షిఫ్టు ఇన్‌చార్జి వెంకటేశ్వరరావు పరుగున వచ్చాడు. సత్తుపల్లి మనిషి. మిల్లులో ఏది ఆగినా భరిస్తాడు గాని, గొడవ మొదలైతే భరించలేడు.

"ఏందండీ ఇది? మతం సంగతి. రేపు నా మెడకు చుట్టుకుంటది. ఎతకండి, దొరికిన నిమిషం దాన్ని తీసుకుపొండి. మిగతాది తొట్టిల ఏయిస్తా."

అప్పుడు తెలిసింది జయరాజ్‌కు, తాను చేసిన బేరం ఎలాంటిదో. బైబిల్ దొరికితే పుస్తకాలు పోతాయి. దొరకకపోతే పరువు పోతుంది. ఉన్నంతలో లాభం ఒక్కటే, వెతుకుతూ ఉండటం.

వెతకడం మొదలుపెట్టాడు. ఒక్కో పుస్తకం తీసి, అట్ట తుడిచి, పేజీ పేజీ తిప్పి, పక్కన పెట్టాడు. బైబిల్ పట్టే సందు లేని నూట యాభై గ్రాముల కవిత్వాన్ని కూడా వదల్లేదు.

"అన్నా, అంత సన్నపు దాంట్ల ఎట్లుంటదే?" అన్నాడు భీమయ్య.

"చెప్పలేం."

"మా ఊరి దేవుళ్లకు కాయితం లేదు. నయం" అని భీమయ్య కూడా ఒక కట్ట విప్పాడు.

బెల్టు ఆగితే పని లేని పన్నెండు మంది కూలీలను వెంకటేశ్వరరావు సాయానికి పంపాడు. ఒకరిద్దరు రెండు పేజీలు తిప్పి, మూడో పేజీ దగ్గర ఆగిపోయారు. కాసేపటికి షెడ్డులో ఎవరూ మాట్లాడటం లేదు. వెంకటేశ్వరరావు వాళ్లను అదిలించడానికి వచ్చి, ఒక అపరాధ పరిశోధన నవల చేతిలోకి తీసుకుని, హత్య జరిగిన పేజీకి వచ్చేసరికి ఒక కట్ట మీద కూర్చున్నాడు.

ఇంతలో ఆంథోని సాయం చేద్దామని జయరాజ్ ఇంటికి ఫోన్ చేశాడు. బైబిల్‌ది నల్ల అట్టా, ఎర్ర అట్టా అని అడగడానికి. ఫోనెత్తిన ఏంజెల్ సంగతి విని, సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. 'మా డాడీ లోడులో బైబిల్ పడిపోయింది. అందరూ ప్రార్థన చేయండి.' సంఘంలో ప్రార్థన చేసేవాళ్లు కొందరు, వచ్చి చూసేవాళ్లు కొందరు. మధ్యాహ్నం రెండింటికి పాస్టరు ప్రభుదాసు గారు, వెనక ఆటోల్లో ముప్ఫై మంది, ముందు ఆటోలో సంపూర్ణ, మిల్లు గేటు ముందు దిగారు.

సంపూర్ణ నేరుగా మొగుడి పక్కకు వచ్చి గొంతు తగ్గించింది. "మనింట్ల బైబిళ్లు మూడు. రెండు ఇంట్ల ఉన్నయి, ఒకటి నా సంచిల ఉంది. నేను లెక్కబెట్టి వచ్చిన."

జయరాజ్ పేజీ తిప్పాడు. "అవ్."

"అవ్ అంటవేంది?"

"మల్ల చెప్త. నువ్వు కూడ ఎతుకు. మెల్లగ."

ఇదంతా చూస్తున్న ఆంథోనికి అనుమానం తగిలింది. నాలుగు గంటలు వెతికినా దొరకలేదంటే లోపల లేదని కాటా మనిషికి తెలియదా? జయరాజన్న నలుగురిలో అబద్ధాలకోరు కాకూడదని, కాటా గది సొరుగులోని తన బైబిల్ తెచ్చి, ఎవరూ చూడకుండా ఒక కట్టలో దూర్చి, తనే కేక వేశాడు. "దొరికింది!"

వెంకటేశ్వరరావు నవలలో వేలు పెట్టుకుని లేచాడు. "హమ్మయ్య. బెల్టు వెయ్యండి!"

"ఆగండి" అన్నారు పాస్టరు గారు. బైబిల్ అందుకుని, విషయసూచిక చూసి, కళ్లద్దాలు సవరించుకుని మళ్లీ చూశారు. "సహోదరుడా జయరాజ్, ఇది మన బైబిల్ కాదు. కతోలిక సంఘం వారిది. ఇందులో ఏడు పుస్తకాలు ఎక్కువున్నాయి. నీ ఇంట్లోకి ఎలా వచ్చింది?"

ఏడు పుస్తకాలు ఎక్కువ అనేసరికి, ఆ కష్టంలో కూడా, జయరాజ్ చెయ్యి దానివైపు కొద్దిగా సాగింది. వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

"నేను చెప్పింది ఇది కాదయ్యగారూ. ఎవరిదో. మాది ఇంక దొరకలే."

ఆంథోని తన మేలు ఇలా తిరగబడినందుకు తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. వెతుకులాట మళ్లీ మొదలైంది. వెంకటేశ్వరరావు కూడా, సగంలో ఉన్నాడు కాబట్టి, పెద్దగా అభ్యంతరం చెప్పలేదు.

మూడున్నర అయింది. కూడికకు గంటన్నర ఉంది. వచ్చినవాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. సంపూర్ణ ఇక ఆగలేకపోయింది. ఆమె చేతిసంచిలో తన సొంత బైబిల్ ఉంది, ప్రార్థనకు పోయేటప్పుడు తీసుకుపోయేది. కొంగు చాటున దాన్ని ఒక కట్టలో పెట్టి, పైకి తీసింది. "ఇదిగో అయ్యగారూ, గిదే మాది."

పాస్టరు గారు మొదటి పేజీ తెరిచారు. అక్కడివాళ్లందరికీ ఆ అలవాటు ఉంది. బైబిల్ మొదటి పేజీలో పేరు, పెళ్లి తేదీ, పిల్లల బాప్తిస్మాలు, పెద్దల మరణాలు, అన్నీ రాసిపెట్టుకుంటారు. పాస్టరు గారు పైకి చదివారు.

"సంపూర్ణకు, వివాహ దినపు జ్ఞాపకార్థం..."

వెనక నుంచి ఒక ముసలామె గొంతు వినబడింది.

"ఓరి నీ పాడుగాను! పెండ్లాం పెండ్లి బైబిలే కిలో లెక్కన అమ్ముకున్నవా జయరాజు?"

"దొరికిందిగా" అన్నాడు వెంకటేశ్వరరావు. ఆయనకు హంతకుడెవరో తెలిసిపోయింది, ఇక మిల్లు గుర్తొచ్చింది. "బెల్టు వెయ్యండి!"

బెల్టు కదిలింది. దాని మీది మొదటి కట్ట తొట్టివైపు సాగింది. ఆ కట్టలో పైనున్నది, పదకొండేళ్ల కింద మూటలోంచి జారిపడిన నవల.

"ఆపుండ్రి!" అని జయరాజ్ అరిచిన అరుపుకు బెల్టు మీట దగ్గరున్న మనిషి బెదిరి ఆపేశాడు. "అయ్యగారూ, ఇందుల బైబిల్ లేదు. ముందు నుంచి లేదు. గా రెండూ నా పరువు కాపాడనీకె వీళ్లు పెట్టినయి. ఇవి నా పుస్తకాలు. నేను చదువుకునేటియి. తొట్టిల పడతయని అబద్ధమాడిన."

అమ్మడంలో ఎన్నో మాటలు చెప్పాడు గాని, ఇంత నష్టానికి ఆయన ఎప్పుడూ ఏ మాటా అమ్మలేదు.

ముందుగా భీమయ్య నవ్వాడు. "అన్నా, నువ్వు చదువుతవా? నువ్వా?" కూలీలు నవ్వారు. గుంపులో చాలామంది నవ్వారు. రద్దీ కాగితానికి, చిత్తు కాగితానికి తేడా ఉందని కిలోకు వంద గ్రాములు కోసుకునే జయరాజ్, నవలలు చదువుతాడట!

పాస్టరు గారు నవ్వలేదు. "అమ్మా సంపూర్ణా, నీవు చెప్పు. నీ భర్త చదువుతాడా?"

సంపూర్ణ కట్టలవైపు చూసింది. తొట్టివైపు చూసింది. మొగుడివైపు చూసింది.

"చదువుడా? ఈయనా?" అంది. "రేటు పెరగాలని ఆపిండు అయ్యగారూ. పదకొండేండ్ల సంది నాకదే చెప్తుండు."

జయరాజ్ కళ్లు మూసుకున్నాడు. తొట్టి చప్పుడు మాత్రం వినిపించింది.

"అయితే నాకు అర్థమైంది" అన్నారు పాస్టరు గారు నెమ్మదిగా. "మనలోనే ఎవరో తమ పాత బైబిళ్లను చిత్తుకాగితాల్లో వేశారు. జయరాజ్ అవి చూశాడు. వాళ్ల పేర్లు బయట పెట్టలేక నింద తన నెత్తిన వేసుకుంటున్నాడు. చదువుతానని కూడా అంటున్నాడు, పాపం."

గుంపులో నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. చిరిగిన బైబిల్‌ను కాల్చలేరు, పారేయలేరు, అటక మీద చెదలకూ వదల్లేరు. అందుకని ఇల్లు సర్దినప్పుడు పాత నోటుపుస్తకాల మధ్య పెట్టి, చూడనట్టు కాటా వేయించినవాళ్లు అక్కడ కనీసం ఆరుగురున్నారు. నిజానికి అలాంటివి కనబడితే జయరాజ్ ఆ వారమే మారు మాట లేకుండా వాళ్ల గుమ్మంలో పెట్టి వచ్చేవాడు. కాని అన్నీ కనబడ్డాయో లేదో వాళ్లకేం తెలుసు? మొదటి పేజీలో పేర్లున్నాయి. పెళ్లి తేదీలతో సహా.

సంఘపెద్ద ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "అయ్యగారూ, ఇక్కడ ఇప్పుడు మంచిది కాదు. అన్నీ జయరాజు ఇంటికే పోనియ్యాలె."

"అవ్ అవ్, ఒక్కటి కూడ తొట్టిల పడొద్దు" అంది ఇందాకటి ముసలామె, అందరికంటే గట్టిగా.

ముప్ఫై మంది ఒకే మాట మీద నిలబడేసరికి వెంకటేశ్వరరావు కాగితం తెచ్చి తన చేతులతోనే రాశాడు. మత గ్రంథాలు కలిసినందున లోడు మొత్తం వాపసు.

బయటికి పోయే ముందు ఆంథోని మళ్లీ కాటా వేశాడు. ఆరు క్వింటాళ్ల ముప్ఫై. పది కిలోలు తక్కువ. ఆంథోని కంగారుపడ్డాడు గాని జయరాజ్ పడలేదు. పది కిలోలంటే ముప్ఫై నవలలు. చుట్టూ చూశాడు. కూలీల చొక్కాలు నడుము దగ్గర పలకల్లా ఉబ్బి ఉన్నాయి. పాస్టరు గారి సంచి వచ్చినప్పటి కంటే నిండుగా ఉంది. వెంకటేశ్వరరావు రెండో నవల మొదలుపెట్టాడు. వీళ్లలో ఒక్కరూ వాటిని కిలో లెక్కన అమ్ముకోవడానికి తీసుకోలేదు. ఆ లెక్క జయరాజ్‌కు తెలుసు. "సరిగ్గనే ఉంది, రాసుకో" అన్నాడు.

ఐదింటికి కూడిక అనుకున్నట్టే జరిగింది. ముందుగది ఖాళీ కాలేదు. నలభై మంది తాడు కట్టిన కట్టల మీద కూర్చుని పాటలు పాడారు. పాస్టరు గారు జయరాజ్ సహనం మీద అరగంట ప్రసంగించి, చివర ఒక ప్రకటన చేశారు. సంఘంలో చిరిగిన బైబిళ్లు, పాటల పుస్తకాలు ఇకమీదట ఎవరూ బయట వేయనక్కరలేదు, జయరాజ్ భద్రంగా దాస్తాడు. అందరూ ఆమేన్ అన్నారు. లడ్డూలు తిని వెళ్లేటప్పుడు ఒక్కొక్కరు తలుపు వెనక ఒక్కో సంచి వదిలి, వెనక్కి చూడకుండా చెప్పులేసుకున్నారు.

ఇల్లు సద్దుమణిగాక జయరాజ్ అడిగాడు. "ఒక్కనాడు నిజం చెప్తే, నువ్వు కూడ గట్లనవడితివేంది? నేను చదువుతనని నీకెరుక లేదా?"

"ఎందుకెరుక లేదు? అన్నం కాడ పేజీలు తిప్పేటోనివి" అంది సంపూర్ణ, ఖాళీ లడ్డూ డబ్బాలు పేరుస్తూ. "చదువుకునే పుస్తకాలంటే ఉత్త కాయితాలని తొట్టిల ఏసెటోళ్లు. నువ్వు చదవవంటెనే అందుల బైబిళ్లున్నయని నమ్ముతరు. నాకు ఏది గిట్టుబాటో అదే చెప్పిన."

ఇరవై రెండేళ్ల వ్యాపారంలో జయరాజ్‌కు అంత తేలిగ్గా బేరం ఎవరూ కుదిర్చి పెట్టలేదు. అలవాటు కొద్దీ మర్నాడు గోదాము కాటా తెచ్చి ముందుగదిలోని సరుకంతా తూచాడు.

ఏడు క్వింటాళ్ల పన్నెండు కిలోలు. "రేటు ఇంకా పెరగలే" అన్నాడు సంపూర్ణతో.